స్టోరేజ్ అర్రేకి స్క్రిప్టు: కమాండ్ సక్సెస్ అయితే పని అయిపోయినట్టేనా?

డేటా సెంటర్‌లో ఉండే డిస్కుల పెట్టెకి, అంటే స్టోరేజ్ అర్రేకి, స్క్రీన్ ఉండదు, కీబోర్డు ఉండదు. ముందువైపు వరసగా డిస్కులు, వెనకవైపు రెండు కంట్రోలర్లు (డిస్కుల్ని నడిపే చిన్న కంప్యూటర్లు), ఫ్యాన్లు, పవర్ సప్లైలు, కేబుళ్లు. అంతే. అందులోని ఐదు డిస్కుల్ని కలిపి ఒక గ్రూపు కట్టాలన్నా, ఆ గ్రూపులోంచి 500 జీబీ తీసి డేటాబేస్ సర్వర్‌కి ఇవ్వాలన్నా బయట ఇంకో మెషీన్ మీద కూర్చుని చెప్పాల్సిందే. మౌస్‌తో నొక్కుతూ పోయే జీయూఐ ఒక దారి, కమాండ్లు రెండో దారి. పది సర్వర్లకి ఒకే రకం వాల్యూమ్‌లు (అలా గ్రూపులోంచి తీసి ఇచ్చే జాగా ముక్కలు) ఇవ్వాల్సి వచ్చిన రోజున జీయూఐ మీద మోజు తీరిపోతుంది. రాత్రి రెండింటికి మెయింటెనెన్స్ విండో పెట్టుకుని, నిద్రమత్తులో నలభై స్క్రీన్లు నొక్కుకుంటూ పోయేకంటే, పగలు నింపాదిగా రాసి, పక్క సీటాయన చేత చదివించి, రాత్రి ఒక్కసారి నడిపేది మేలు.

కమాండ్లు నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు, ఒక పూటలో వస్తాయి. కొత్తవాళ్లు బోల్తా కొట్టేది వేరే చోట. స్క్రిప్టు "సక్సెస్" అన్నప్పుడు ఆ మాట ఎవరు అన్నారు, దేని గురించి అన్నారు అన్నది తెలియకపోవడం దగ్గర. దీన్ని విడదీసి చెప్పాలంటే ఒక అసలు పెట్టెను ముందు పెట్టుకోవాలి. నేను శాన్‌ట్రిసిటీ అనే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే పెట్టెల కుటుంబాన్ని తీసుకుంటాను. ఎందుకంటే మీకు తెలియకుండానే దాన్ని చాలాసార్లు చూసి ఉంటారు.

ఎల్‌ఎస్‌ఐ లాజిక్ 1998లో సింబయోస్ అనే కంపెనీని కొన్నది. అక్కడి స్టోరేజ్ విభాగం తర్వాత ఎంజీనియో అయింది. 2011లో దాన్ని నెట్‌యాప్ కొన్నది. ఇప్పుడు ఈ-సిరీస్ పేరుతో అమ్ముతోంది. మధ్యలో అదే పెట్టెను ఐబీఎం డీఎస్3000, డీఎస్4000 అని, డెల్ పవర్‌వాల్ట్ ఎండీ3000 అని, సన్ స్టోరేజ్‌టెక్ 6140 అని తమ తమ రేకులు తగిలించి అమ్మాయి. లోపలి స్క్రిప్టు ఇంజన్ ఒకటే. మాటలే కాస్త మారతాయి. నెట్‌యాప్ "వాల్యూమ్" అన్నదాన్ని ఐబీఎం "లాజికల్ డ్రైవ్" అంటుంది, డెల్ "వర్చువల్ డిస్క్" అంటుంది. ఒక కంపెనీ గైడ్‌లోంచి కాపీ కొట్టిన స్క్రిప్టు ఇంకో కంపెనీ పెట్టె మీద మొదటి లైనులోనే సింటాక్స్ ఎర్రర్ ఇస్తే కారణం చాలాసార్లు ఇదే. ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ మారినా కొన్ని కమాండ్లు మారతాయి. కాబట్టి ముందు ఫర్మ్‌వేర్ ఏదో చూసుకుని, ఆ వెర్షన్ గైడే దించుకోవాలి.

ఈ కమాండ్లన్నీ నడిపే ప్రోగ్రాం పేరు ఎస్‌ఎమ్‌సీఎల్‌ఐ. ఇది మీ మేనేజ్‌మెంట్ మెషీన్ మీద ఉంటుంది, అర్రే మీద కాదు. అక్కడి నుంచి కంట్రోలర్‌తో మాట్లాడటానికి దానికి రెండు తోవలున్నాయి. కంట్రోలర్ వెనక ఉన్న ఈథర్‌నెట్ పోర్టు ద్వారా నెట్‌వర్క్ మీద వెళ్లడం ఒకటి. దీన్ని అవుట్ ఆఫ్ బ్యాండ్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎ కంట్రోలర్‌కి 192.168.128.101, బి కంట్రోలర్‌కి 192.168.128.102 అని అడ్రసులుంటాయి. రెండో తోవ, డేటా నడిచే కేబుల్ మీదే మాట్లాడటం, అంటే ఇన్ బ్యాండ్. ఇందుకోసం అర్రే ఒక చిన్న ఉత్తుత్తి వాల్యూమ్‌ను సర్వర్‌కి చూపిస్తుంది, దాన్నే యాక్సెస్ వాల్యూమ్ అంటారు. లైనక్స్‌లో లన్ 31 (లన్ అంటే సర్వర్ వాల్యూమ్‌ను గుర్తుపట్టే నంబరు) దగ్గర "యూనివర్సల్ ఎక్స్‌పోర్ట్" అని ఒక వింత డిస్క్ కనిపించి, ఇదేమిటా అని బుర్ర గోక్కున్నవాళ్లు చాలామందే ఉంటారు. అది ఇదే. దాన్ని ఫార్మాట్ చేయడానికి ప్రయత్నించకండి. నా ఓటు అవుట్ ఆఫ్ బ్యాండ్‌కే. డేటా తోవలో గొడవ వచ్చిన రోజునే కదా మేనేజ్‌మెంట్ అవసరం పడేది. అదే తోవ మీద ఆధారపడితే ఎలా? అడ్రసులు కూడా రెండు కంట్రోలర్లవీ ఇవ్వాలి. ఒక్కటే ఇస్తే కొన్ని పనులు సగంలో "ఈ వాల్యూమ్ యజమాని నేను కాదు" అన్న ధోరణిలో ఆగిపోతాయి.

ఇక కమాండ్ రూపం. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలన్నది వేరే చెప్పక్కర్లేదు. ఒక్క లైను పంపాలంటే డ్యాష్ సి అనే ఆప్షన్ తర్వాత కోట్స్‌లో కమాండ్. ఫైలు మొత్తం పంపాలంటే డ్యాష్ ఎఫ్ తర్వాత ఫైలు పేరు. ప్రతి కమాండ్ చివర సెమీకోలన్. రెండు స్లాష్‌లు పెట్టిన లైను కామెంటు. కమాండ్ మొదట క్రియ వస్తుంది: షో, సెట్, క్రియేట్, డిలీట్, సేవ్, స్టార్ట్, రీసెట్, రివైవ్. ఆ తర్వాత దేని మీద, ఆ తర్వాత ఏమేం మార్చాలి. మామూలుగా ఒక చిన్న స్క్రిప్టు ఇలా ఉంటుంది:

షో "పేరోల్ వాల్యూమ్ తయారవుతోంది";
క్రియేట్ వాల్యూమ్ డ్రైవ్స్=(0,1 0,2 0,3 0,4 0,5) రెయిడ్‌లెవెల్=5 యూజర్‌లేబుల్="పేరోల్_01" కెపాసిటీ=500 జీబీ ఓనర్=ఎ సెగ్మెంట్‌సైజ్=128;
సెట్ డ్రైవ్ [0,12] హాట్‌స్పేర్=ట్రూ;
సెట్ వాల్యూమ్ ["పేరోల్_01"] లాజికల్‌యూనిట్‌నంబర్=4 హోస్ట్="డీబీ1";

రెండో లైను దగ్గర కాసేపు ఆగుదాం, అసలు కథంతా అక్కడే ఉంది. 0,1 అంటే సున్నా నంబరు ట్రేలో ఒకటో స్లాటు. అలా ఐదు డిస్కుల్ని ఎంచి, వాటి మీద రెయిడ్ 5 గ్రూపు కట్టి, ఆ గ్రూపులోంచి 500 జీబీ తీసి పేరోల్_01 అని పేరు పెట్టి, దాని బాధ్యత ఎ కంట్రోలర్‌కి అప్పగించి, ఒక్కో డిస్క్ మీద 128 కేబీ రాశాక తర్వాతి డిస్క్‌కి వెళ్లమని, ఇన్ని సంగతులు ఒక్క లైనులో చెప్పాం. రెయిడ్ అన్న ఆలోచనను, అంటే చాలా డిస్కుల్ని కలిపి ఒకటి పోయినా డేటా నిలిచేలా చూడటాన్ని, ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో బర్క్‌లీ నుంచి ప్రతిపాదించారు. అందులో ఐదో రకం ఇది. పద్దుల చిట్టాలో అడుగున మొత్తం వేసి ఉంటే, ఏదో ఒక పద్దు చెరిగిపోయినా మిగతావి మొత్తంలోంచి తీసేసి కనుక్కోవచ్చు కదా; ప్యారిటీ చేసే పని అదే. ఐదు డిస్కుల్లో నాలుగింటి మేర డేటా, ఒకదాని మేర ప్యారిటీ. రెండు పద్దులు ఒకేసారి చెరిగితే ఏ లెక్కా నిలవదు. ఈ చిట్టా సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

ఇదే లైనులో కెపాసిటీ రాయడం మర్చిపోతే ఎర్రర్ రాదు. గ్రూపులో ఉన్న జాగా అంతా ఆ ఒక్క వాల్యూమ్‌కే పోతుంది. స్క్రిప్టు మాత్రం సక్సెస్ అంటుంది. ఇంకో సంగతి: డిస్క్ మీద 2 టీబీ అని రాసి ఉంటుంది, అర్రే మాత్రం 1.819 టీబీ అని చూపిస్తుంది. డిస్క్ తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, అర్రే 1024తో లెక్కేస్తుంది. డిస్కుల మీది అంకెలు కూడి కెపాసిటీ దగ్గర పెడితే జాగా చాలదని కమాండ్ తిప్పికొడుతుంది. కనీసం ఈ తప్పు అరిచి చెబుతుంది, నయం.

మూడో లైను 0,12 డిస్క్‌ను హాట్‌స్పేర్‌గా, అంటే ఏ డిస్కైనా పోతే దాని స్థానంలోకి రావడానికి సిద్ధంగా, ఉంచుతుంది. చివరి లైను వాల్యూమ్‌ను సర్వర్‌కి కట్టబెడుతుంది. అది లేనంతవరకూ వాల్యూమ్ ఉన్నా ఎవరికీ కనపడదు. దీనికి ముందు డీబీ1 అనే హోస్ట్‌ను (అంటే సర్వర్‌ను), దాని ఫైబర్ ఛానల్ (డేటా నడిచే కేబుల్) పోర్టుల అడ్రసుల్ని, దాని హోస్ట్ టైపును ఒకసారి నమోదు చేసి ఉండాలి. హోస్ట్ టైపును చాలామంది పట్టించుకోరు. సర్వర్ ఏ ఆపరేటింగ్ సిస్టమో, ఏ మల్టీపాత్ డ్రైవరో (రెండు కంట్రోలర్ల తోవల్నీ సర్వర్‌లో చూసుకునే సాఫ్ట్‌వేర్) దాన్నిబట్టే అర్రే నడుచుకునే తీరు మారుతుంది. తప్పు టైపు ఇస్తే వాల్యూమ్ ఎ కంట్రోలర్ నుంచి బి కి, బి నుంచి ఎ కి బంతిలా తిరుగుతూ ఉంటుంది. డేటా పోదు కానీ సర్వర్ నత్తనడక నడుస్తుంది. అందరూ డేటాబేస్ టీమ్‌ను తిడుతూ ఉంటారు. స్క్రిప్టులో తప్పేమీ కనపడదు, ఎందుకంటే స్క్రిప్టు అడిగింది అర్రే తుచ తప్పకుండా చేసింది.

ఇప్పుడు ఆ సక్సెస్ సంగతి. ఫైలును నడిపితే తెర మీద ముందు సింటాక్స్ చెక్ మొదలైందని, అయిందని రెండు మాటలొస్తాయి. తర్వాత స్క్రిప్టు నడుస్తోందని, అయిపోయిందని. చివర్లో "ఎస్‌ఎమ్‌సీఎల్‌ఐ కంప్లీటెడ్ సక్సెస్‌ఫుల్లీ". ఫైలు మొత్తాన్ని ముందే చదివి, స్పెల్లింగులూ బ్రాకెట్లూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాతే మొదటి కమాండ్‌ను పంపడం మంచి అలవాటే. కానీ అది వ్యాకరణం చూడటమే. డీబీ1 అనే హోస్ట్ అసలు ఉందా, 0,3 స్లాటులో డిస్క్ ఉందా, అది ఇంకో గ్రూపులో ఇరుక్కుని ఉందా అన్నవి ఆ దశలో ఎవరూ చూడరు. అవి నడిచేటప్పుడే బయటపడతాయి. అప్పటికి దాని ముందున్న కమాండ్లు అయిపోయి ఉంటాయి. డేటాబేస్‌లో లాగా వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ లేదు. సగం కట్టిన ఇల్లు అలాగే ఉంటుంది. మిగతా సగం కట్టాలో, కట్టింది కూల్చాలో మీరే తేల్చుకోవాలి.

అందుకే ఎర్రర్ వచ్చినప్పుడు ఆగాలా, సాగాలా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. సెట్ సెషన్ ఎర్రర్‌యాక్షన్=స్టాప్ అంటే మొదటి దెబ్బకి ఆగుతుంది. కంటిన్యూ అంటే పోతూనే ఉంటుంది. ఏమీ చెప్పకపోతే స్టాప్. చదివే కమాండ్లు మాత్రమే ఉన్న స్క్రిప్టులో కంటిన్యూ పెట్టినా నష్టం లేదు. మార్పులు చేసే స్క్రిప్టులో కంటిన్యూ చూస్తే నేను సంతకం పెట్టను. సింటాక్స్ చెక్‌నే దాటవేయడానికి డ్యాష్ ఇ అనే ఆప్షన్ కూడా ఉంది. ఎందుకుందో తెలుసు, వాడటానికి కారణం మాత్రం ఇంతవరకు కనపడలేదు.

సక్సెస్‌లో ఇంకో మెలిక ఉంది. చాలా కమాండ్లు పనిని మొదలుపెడతాయి, పూర్తి చేయవు. కొత్త వాల్యూమ్ విషయంలో ఇది ఇబ్బంది కాదు. లోపల ఇనిషియలైజేషన్ (డిస్కుల్ని సిద్ధం చేసే పని) నడుస్తుండగానే సర్వర్ దాన్ని వాడుకోవచ్చు. కానీ గ్రూపుకి కొత్త డిస్కులు చేర్చడం, రెయిడ్ లెవెల్ మార్చడం, సెగ్మెంట్ సైజు మార్చడం అలా కాదు. గ్రూపులో ఉన్న ప్రతి అక్షరాన్నీ చదివి కొత్త చోట రాయాలి. గంటలు పట్టొచ్చు, పెద్ద గ్రూపయితే రోజులు పట్టొచ్చు. మొదలుపెట్టాక ఆపడం కుదరదు. డిస్కులు ఒక దఫాలో ఒకటో రెండో మాత్రమే చేర్చనిస్తుంది. సెగ్మెంట్ సైజు కూడా ఒక అడుగులో రెట్టింపో, సగమో మాత్రమే; 32 నుంచి 256కి వెళ్లాలంటే మూడు అడుగులు, మూడుసార్లు ఆ తతంగమంతా.

దీన్ని ఎరగక రాసే స్క్రిప్టు ఎలా ఉంటుందంటే: మొదటి లైను, గ్రూపుకి రెండు డిస్కులు చేర్చు. రెండో లైను, పేరోల్_01కి ఇంకో 500 జీబీ కలుపు. మొదటి లైను ఒక్క క్షణంలో ఒప్పుకుంటుంది. రెండో లైను వెంటనే తిప్పికొడుతుంది, ఎందుకంటే గ్రూపు ఇంకా పనిలో ఉంది. మధ్యలో షో వాల్యూమ్ ["పేరోల్_01"] యాక్షన్‌ప్రోగ్రెస్ అని అడుగుతూ, ఎంత శాతం అయిందో చూసుకుంటూ, అయ్యాకే తర్వాతి అడుగు వేయాలి. ఈ వేచి చూసే పనికి స్క్రిప్టు భాషలో లూపులు, ఇఫ్‌లు లేవు. బయట షెల్‌లోనో పైథాన్‌లోనో రాసి, అక్కడి నుంచి ఎస్‌ఎమ్‌సీఎల్‌ఐని పదే పదే పిలవాలి. అంతా అయ్యాక కూడా సర్వర్‌కి సంగతి తెలియదు. అక్కడ రీస్కాన్ చేసి, ఫైల్‌సిస్టమ్‌ను పెంచితే తప్ప డీఎఫ్ (జాగా ఎంతుందో చూపే కమాండ్) కొట్టినప్పుడు పాత అంకే కనపడుతుంది.

రోజువారీ ఆరోగ్యం చూసే స్క్రిప్టుల్లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. షో స్టోరేజ్‌అర్రే హెల్త్‌స్టేటస్ అన్నది క్రాన్‌లో (టైముకి వాటంతట అవే నడిచే పనుల పట్టికలో) పెట్టి, చివర సక్సెస్‌ఫుల్లీ అన్న మాట కోసం వెతికితే అర్రేలో రెండు డిస్కులు పోయినా ఆ మాట దొరుకుతూనే ఉంటుంది. కమాండ్ సక్సెస్‌ఫుల్‌గానే నడిచింది మరి, జబ్బు ఉందని సక్సెస్‌ఫుల్‌గా చెప్పింది. వెతకాల్సింది, అర్రే ఆరోగ్యం ఆప్టిమల్ అని చెప్పే ఆ పూర్తి వాక్యం కోసం. అది దొరక్కపోతే, జవాబే రాకపోతే, మెషీన్ అందకపోతే, అన్నిటినీ అలారంగానే లెక్కగట్టాలి.

వాడుకలో బాగా పనికొచ్చే కమాండ్ ఒకటుంది, ఎక్కువమంది దాన్ని సగమే అర్థం చేసుకుంటారు. సేవ్ స్టోరేజ్‌అర్రే కాన్ఫిగరేషన్ అని ఫైలు పేరు ఇచ్చి, ఆల్‌కాన్ఫిగ్ అంటే, అర్రేలో ఇప్పుడున్న గ్రూపులు, వాల్యూమ్‌లు, హోస్ట్‌లు, మ్యాపింగులు అన్నిటినీ తిరిగి సృష్టించగల స్క్రిప్టును అర్రేయే రాసి ఇస్తుంది. స్క్రిప్టు రాయడం నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి గురువు లేడు. అయితే దాన్ని బ్యాకప్ అనుకుంటే కొంప మునుగుతుంది. అందులో డేటా ఒక్క బైటు కూడా ఉండదు, ఆకారమే ఉంటుంది. అర్రే పాస్‌వర్డు ఉండదు, లైసెన్సుతో వచ్చే ప్రీమియం ఫీచర్లు ఉండవు, రిమోట్ మిర్రరింగ్, వాల్యూమ్ కాపీ లాంటి సంబంధాలు ఉండవు. పైగా ఫైలు మొదట్లో, ఉన్న కాన్ఫిగరేషన్‌ను తుడిచేసే క్లియర్ స్టోరేజ్‌అర్రే కాన్ఫిగరేషన్ అనే కమాండ్ కామెంటు రూపంలో పడుకుని ఉంటుంది. ముందున్న రెండు స్లాష్‌లు తీసేస్తే లేస్తుంది. ఖాళీ పెట్టె మీద దానికి పనుంది. నడుస్తున్న పెట్టె మీద అది నడిస్తే వాల్యూమ్‌లన్నీ పోతాయి.

చూడటానికి సాధువుల్లా ఉండి కాటేసే కమాండ్లు ఇంకా ఉన్నాయి. స్టార్ట్ వాల్యూమ్ ఇనిషియలైజ్ అన్నది ఏదో మొదలుపెట్టేలా వినపడుతుంది, నిజానికి వాల్యూమ్‌లోని డేటా అంతా చెరిపేస్తుంది. క్యాష్‌విదవుట్‌బ్యాటరీఎనేబుల్డ్=ట్రూ అంటే రాతలు భలే వేగంగా జరుగుతాయి; బ్యాటరీ లేనప్పుడు కరెంటు పోతే క్యాష్‌లో (డిస్క్‌కి చేరేముందు డేటా ఆగే మెమరీలో) ఉన్నదంతా గల్లంతు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది రివైవ్ డ్రైవ్. ఒక సందర్భం చూద్దాం. సోమవారం 0,2 డిస్క్ ఫెయిలైంది. హాట్‌స్పేర్ లేదు, లేదా ఉన్నా రీకన్‌స్ట్రక్షన్ (పోయిన డిస్క్‌లోని డేటాను ప్యారిటీతో మళ్లీ కట్టడం) పూర్తి కాలేదు. వాల్యూమ్ నాలుగు డిస్కుల మీద కుంటుతూ నడుస్తోంది, రాతలు జరుగుతూనే ఉన్నాయి. బుధవారం 0,4 కూడా ఫెయిలైంది. వాల్యూమ్ మొత్తం పడిపోయింది. ఇప్పుడు డిస్క్ నిజంగా చచ్చిందా, లేక కేబుల్ గొడవ వల్ల అర్రే దాన్ని చచ్చినట్టు లెక్కగట్టిందా అన్నది వేరే విచారణ. అది లెక్క తప్పే అయితే, రివైవ్‌తో ఒక డిస్క్‌ను బలవంతంగా ఆప్టిమల్ అనిపించవచ్చు. ఏ డిస్క్‌ను? ముందు పోయినదాన్ని ముందు లేపాలని చేయి పోతుంది. అదే పొరపాటు. 0,2 దగ్గర ఉన్నవి సోమవారం నాటి పద్దులు. మిగతా డిస్కులు బుధవారం నాటివి. పాత పద్దును కొత్త మొత్తంతో కలిపితే వచ్చే లెక్క ఏ రోజుదీ కాదు. అర్రే అభ్యంతరం చెప్పదు, వాల్యూమ్ ఆప్టిమల్ అని చూపిస్తుంది, లోపల ఫైల్‌సిస్టమ్ ముక్కలై ఉంటుంది. చివరగా పోయిన 0,4నే లేపాలి, ఎందుకంటే వాల్యూమ్ పడిపోయిన క్షణం దాకా అది మిగతావాటితో పాటే నడిచింది. అది లేచాక వాల్యూమ్ కుంటుతూ నిలబడుతుంది. 0,2 బదులు కొత్త డిస్క్ పెట్టి రీకన్‌స్ట్రక్ట్ చేయనివ్వాలి. ఎవరు ఎప్పుడు పోయారో తెలియాలంటే ఈవెంట్ లాగ్ కావాలి. సేవ్ స్టోరేజ్‌అర్రే ఆల్‌ఈవెంట్స్ అని ముందు దాన్ని ఫైలులోకి తీసుకుని, తారీకులూ టైములూ చదివి, వెండర్ సపోర్టుతో మాట్లాడాకే రివైవ్ జోలికి వెళ్లాలి. ఈ కమాండ్‌ను ఆటోమేటిక్ స్క్రిప్టులో ఎవరైనా పెడితే ఆ ఫైలును అక్కడికక్కడే తీసేయించాలి.

పాస్‌వర్డు గురించి రెండు ముక్కలు. పాత తరం పెట్టెల్లో అది మార్పులు చేసే కమాండ్లకే అడ్డు. షో కమాండ్లు ఎవరికైనా జవాబిస్తాయి. డ్యాష్ పి తో కమాండ్ లైనులో ఇచ్చిన పాస్‌వర్డు యూనిక్స్‌లో పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాంల చిట్టా చూపే కమాండ్) కొట్టిన ప్రతివాడికీ కనపడవచ్చు, ఫైలులో రాస్తే ఆ ఫైలు చదవగల ప్రతివాడికీ. మేనేజ్‌మెంట్ పోర్టుల్ని ఆఫీసు నెట్‌వర్క్‌లో కాకుండా వేరే వీల్యాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్‌లో) పెట్టడం తప్ప దీనికి మంచి మందు లేదు.

కొత్త ఈ-సిరీస్ పెట్టెలకి రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రాంలు వెబ్ తోవలో పెట్టెతో మాట్లాడే పద్ధతి) ఉంది, దాని మీద నడిచే యాన్సిబుల్ (ఆటోమేషన్ టూల్) మాడ్యూల్స్ ఉన్నాయి. తేడా పైపై తేడా కాదు. పాత స్క్రిప్టు "వాల్యూమ్ చేయి" అంటుంది; రెండోసారి నడిపితే ఆ పేరు ఇప్పటికే ఉందని గొడవ పెడుతుంది. యాన్సిబుల్ "ఈ పేరుతో, ఇంత సైజుతో వాల్యూమ్ ఉండాలి" అంటుంది. ఉంటే ముట్టుకోదు, లేకపోతే చేస్తుంది. సగంలో ఆగినా మళ్లీ మొదటి నుంచి నడపొచ్చు. వాల్యూమ్‌లు ఇవ్వడం, హోస్ట్‌లు నమోదు చేయడం లాంటి రోజువారీ పనులకి ఇవాళ మొదలుపెట్టేవాళ్లు నేరుగా దాని దగ్గరికే వెళ్లడం మంచిది. డిస్కులు వరసగా పోయి, ఏది ముందు ఏది వెనక అని లాగ్ ముందు పెట్టుకుని తేల్చాల్సిన రాత్రి మాత్రం యాన్సిబుల్‌ను పక్కన పెట్టి, ఒక్కో కమాండ్ చేత్తో కొట్టి, ఒక్కోదాని ఫలితం చూసుకుంటూనే వెళ్లాలి.